లేఅవుట్‌లో ఉన్న 30 అడుగుల రోడ్డుకు పక్క కాలనీవారు అడ్డంగా గోడ కట్టారు: ఏం చేయాలి?

ప్రశ్న: ఉప్పల్ శివారు నివాసి

అందరికీ నమస్కారం. మేము హైదరాబాదు తూర్పు శివారులో, ఉప్పల్ దాటాక వరంగల్ రహదారికి లోపలి వైపున ఉన్న ఒక కాలనీలో 22 సంవత్సరాలుగా ఉంటున్నాము. ఇది 1980లలో గ్రామ పంచాయతీ లేఅవుట్‌గా మొదలైన కాలనీ. మా వీధి తూర్పు కొసన ఆగిపోదు. నేరుగా పక్క కాలనీలోకి సాగి, అక్కడి నుంచి రహదారి మీది బస్ స్టాపు దగ్గర తేలుతుంది. ఇన్నేళ్లూ మా పిల్లలు బడికి, పెద్దలు గుడికి, అందరమూ బస్సుకు ఆ దారినే వెళ్లాము. ఎక్కడ మా కాలనీ ముగిసి వారిది మొదలవుతుందో చెప్పే గుర్తు ఒక కరెంటు స్తంభం తప్ప మరొకటి ఉండేది కాదు.

ఈ సంక్రాంతికి మా వీధిలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. కనుమ మరునాడు సొంత ఊళ్ల నుంచి తిరిగి వచ్చేసరికి ఆ స్తంభం పక్కన, రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఆరడుగుల ఎత్తున సిమెంటు ఇటుకల గోడ నిలబడి ఉంది. క్యూరింగ్‌కు కొట్టిన నీళ్ల తడి కూడా ఇంకా ఆరలేదు. మనిషి దూరేంత సందు కూడా వదలలేదు. ఇప్పుడు బస్ స్టాపుకు చేరాలంటే పడమటి వైపు నుంచి చుట్టూ తిరిగి రెండు కిలోమీటర్లకు పైగా వెళ్లవలసి వస్తోంది.

వారు చెప్పే కారణాన్ని నేను కొట్టిపారేయలేను. 2018లో మొదలైన ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పని ఏళ్ల తరబడి సాగుతూ ఉండడంతో, రహదారి మీది గుంతలు, దుమ్ము తప్పించుకోవడానికి కార్లు, ఆటోలు, ఒక్కోసారి ఇసుక లారీలు కూడా రెండు కాలనీల మధ్య నుంచి అడ్డదారిన పోవడం మొదలుపెట్టాయి. పోయిన కార్తీక మాసంలో వారి వీధిలో సైకిలు తొక్కుతున్న ఒకటో తరగతి పిల్లవాణ్ణి ఒక మోటారు సైకిలు గుద్దితే కాలు విరిగింది. నేను కూడా పళ్లు పట్టుకుని వెళ్లి ఆ బిడ్డను చూసి వచ్చాను. వారి భయం నిజమైనదే.

అయితే గోడ కట్టిన పదకొండో రోజు రాత్రి మా ఎదురింటి పెద్దాయనకు గుండె నొప్పి వచ్చింది. 108 వాహనం ఫోను మ్యాపు చూపించిన దారినే, పక్క కాలనీ మీదుగా వచ్చి గోడ అవతల ఆగిపోయింది. దాని పైదీపం తిరుగుతుంటే ఆ ఎర్రని వెలుతురు గోడ మీదుగా మా ఇళ్ల పై అంతస్తుల మీద పడుతోంది, సైరన్ వినబడుతోంది, వాహనం మాత్రం మా దగ్గరకు రాలేదు. వెనక్కి తిప్పుకుని, రహదారి ఎక్కి, చుట్టూ తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. దేవుడి దయవల్ల పెద్దాయన దక్కారు. ఆ ఇరవై నిమిషాలూ ఆయన భార్య గేటు పట్టుకుని గోడ వైపే చూస్తూ నిలబడిన తీరు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఆ రోడ్డు మా హక్కు అని నిరూపించడానికి ఏ కాగితాలు కావాలి? ఏ కార్యాలయానికి వెళ్లాలి? గోడ అవతల ఉన్నవారు మాకు పరాయివారు కారు. మా ఇళ్లలో పెళ్లిళ్లకు వారూ, వారి ఇళ్లలో వ్రతాలకు మేమూ వెళ్లివచ్చినవాళ్లమే. కనుక బద్ధ శత్రుత్వం తెచ్చుకోకుండా దారి తెరిపించుకునే మార్గం ఏదైనా ఉంటే అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.

సమాధానం: విశ్రాంత సర్వేయరు

మీరు ముందుగా ఏ కార్యాలయానికీ వెళ్లవద్దు, ఎవరి మీదా ఫిర్యాదు రాయవద్దు. మీ ఇంటి బీరువా తెరిచి మీ రిజిస్టర్డ్ దస్తావేజు తీసి, చివరన హద్దులు రాసిన పేజీ చదవండి. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని నాలుగు వరుసలు ఉంటాయి. వాటిలో ఒకటి "30 అడుగుల రోడ్డు" అని ఉండి తీరాలి. తరువాత గోడకు రెండు పక్కలా ఉన్న నాలుగు ఇళ్ల దస్తావేజుల్లో అదే పేజీ చూడాలి. అందులో రెండు ఇళ్లు పక్క కాలనీవి కావడం ముఖ్యం. వారి దస్తావేజులోనూ ఆ వైపు హద్దు "30 అడుగుల రోడ్డు" అనే ఉంటే, అది రోడ్డేనని వారు కొనుక్కున్న కాగితమే చెబుతున్నట్టు. వారు ఇవ్వడానికి ఇష్టపడకపోయినా ఇబ్బంది లేదు. రిజిస్టరైన దస్తావేజుకు సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రుసుము కట్టి తీసుకోవచ్చు. నా ఉద్యోగ జీవితంలో హద్దు తగాదాలు ఎన్నో చూశాను. పెద్ద గొంతుతో అరిచినవారిలో చాలామంది తమ దస్తావేజులోని హద్దుల పేజీని ఒక్కసారి కూడా చదివి ఎరుగరు.

రెండవది లేఅవుట్ పటం. 1980ల నాటి పంచాయతీ లేఅవుట్లలో చాలావాటికి పట్టణాభివృద్ధి సంస్థ ఆమోదం లేదు. అప్పటి హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) 1975లోనే ఏర్పడినా, శివారు గ్రామాల్లో సర్పంచి సంతకం, పంచాయతీ ముద్రతో పటాలు గీసి ప్లాట్లు అమ్మేశారు. అందుకే ప్రభుత్వం 2007, 2015, 2020 సంవత్సరాల్లో క్రమబద్ధీకరణకు అవకాశమిచ్చింది. మీ కాలనీలో ఎవరైనా ఎల్‌ఆర్‌ఎస్, అంటే ఈ లేఅవుట్ క్రమబద్ధీకరణ, చేయించుకుని ఉంటే ఆ ఫైలులో మీ పంచాయతీ లేఅవుట్ నకలు, ప్లాటు పటం, ప్లాటు ముందున్న రోడ్డు వెడల్పు ఉండాలి. ఆ నియమాల్లో మామూలు ప్లాట్లకు రోడ్డు కనీస వెడల్పు 9 మీటర్లు. మీ 30 అడుగులంటే 9.14 మీటర్లు. ప్రభుత్వం రుసుము తీసుకుని ఆ రోడ్డు ఉన్నదని ఒప్పుకుని ప్లాటును క్రమబద్ధీకరించిన తరువాత, అక్కడ రోడ్డు లేదని చెప్పడం ఎవరికైనా కష్టమే.

పక్క కాలనీ ఆమోదిత లేఅవుట్ అయితే మీ పని మరింత తేలిక. ఆమోదిత లేఅవుట్లలో రోడ్లనూ, ఖాళీ స్థలాలనూ లేఅవుట్ వేసినవారు స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ ద్వారా అప్పగించాలి. ఆ అప్పగింత జరిగిన క్షణం నుంచి రోడ్డు ఆ కాలనీ సంఘానిది కాదు, అసలు స్థల యజమానిది కూడా కాదు. ఆ గిఫ్ట్ డీడ్ నకలు కోసం సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో సమాధానం రావాలి. నకలు అడగడంతో పాటు "సంబంధిత ఫైలును స్వయంగా పరిశీలించడానికి అనుమతించగలరు" అన్న వాక్యం కూడా చేర్చండి. ఫైలులో ఏ కాగితం ఉందో తెలియకుండా దాని నకలు అడగలేము, అందుకే ఈ మాట చెబుతున్నాను.

ఇంకొకటి, దీన్ని చాలామంది మరిచిపోతారు. మీ కాలనీ పుట్టకముందు అక్కడ పొలాలు ఉండేవి, ఆ పొలాలకు దారి ఉండేది. గ్రామ నక్షలో బండ్ల బాటను జంట చుక్కల గీతతో చూపిస్తారు. మీ సర్వే నంబర్ల మీద ఆ గీత ఉన్నదేమో చూడండి. లేఅవుట్ వేసేవారు పాత బాటనే రోడ్డుగా చూపించడం మా కాలంలో సాధారణంగా జరిగేది. అలా ఉంటే అది ఏ ప్లాటుదారుకూ చెందని ప్రజల బాట అవుతుంది, లేఅవుట్ చెల్లినా చెల్లకపోయినా ఆ బాట నిలుస్తుంది.

సమాధానం: కాప్రా వైపు కాలనీ సంఘం పూర్వ కార్యదర్శి

నేను గోడ అవతలి వైపు మనిషిని. అంటే, నా హయాంలో మా కాలనీ రోడ్డుకు గేటు పెట్టి తాళం వేయించినవారిలో నేనూ ఒకణ్ణి. అందుకే రాస్తున్నాను.

బయటివాళ్లకు మా గేటు స్వార్థంలా కనిపించింది. మా ఇళ్లలో నిద్ర లేచేసరికి పరిస్థితి వేరుగా ఉండేది. ఉదయం 8 గంటల నుంచి 10 గంటల దాకా మా వీధిలో ముగ్గు మీద అడుగు పెట్టకుండా, పిల్లల చేయి పట్టుకోకుండా గుమ్మం దాటలేని స్థితి వచ్చింది. ఒక రోజు ఇద్దరం కుర్చీలు వేసుకుని కూర్చుని, వెళ్లిన ప్రతి వాహనానికీ నోటుపుస్తకంలో ఒక గీత గీశాము. రెండు పేజీలు నిండిపోయాయి. వాటిలో మా కాలనీ బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఆ రెండు పేజీలనే సంఘం సమావేశంలో చూపించి గేటుకు తీర్మానం చేశాము.

తరువాత తెలిసిన విషయం ఏమిటంటే, మా తీర్మానానికి చట్టం దృష్టిలో విలువ లేదు. రోడ్డు స్థానిక సంస్థది అయినప్పుడు, దాన్ని మూయాలో తెరవాలో తేల్చే అధికారం సంఘానికి ఉండదు. మా కాలనీని మేము గేటెడ్ అని పిలుచుకున్నాము గానీ, గేటెడ్ సముదాయంగా అనుమతి పొంది కట్టినది కాదు. అలా అనుమతి పొందినవారికి కూడా షరతులు ఉన్నాయి. 2012 ఏప్రిల్ 7 నాటి 168వ నంబరు ఉత్తర్వులోని భవన నిర్మాణ నియమాల ప్రకారం, వారు తమ స్థలం వెనుక, లోపల ఉన్న భూములకు దారి తెగిపోకుండా ఒక అంచున 9 మీటర్ల ప్రజా మార్గం వేసి వదలాలి. అనుమతి తీసుకుని కోట్లు పెట్టి కట్టినవారికే ఆ బాధ్యత ఉన్నప్పుడు, మాలాంటివారికి గేటు పెట్టే హక్కు ఎక్కడిది?

మేము చివరికి గేటు తీసేశాము. తీసేముందు పక్క కాలనీవారితో కలిసి స్థానిక కార్యాలయానికి ఒకే కాగితం మీద రెండు సంఘాల సంతకాలతో విజ్ఞప్తి ఇచ్చాము. అందులో రెండు కోరికలు ఉన్నాయి: సరైన వేగ నిరోధకాలు వేయాలి, పగటి వేళ లారీలను నిషేధిస్తూ బోర్డు పెట్టాలి. "సరైన" అన్న మాటను ఒత్తి చెబుతున్నాను. సిమెంటు ముద్ద రోడ్డు మీద పోసి, దాన్నే స్పీడ్ బ్రేకర్ అంటే వృద్ధుల నడుములు విరుగుతాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రని హంప్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటడానికి అనువుగా ఆ కొలతలు పెట్టారు. ఆ కొలతతో మూడు హంపులు పడ్డాక అడ్డదారి పట్టేవాళ్లు మా వీధి మీది మోజు తగ్గించుకున్నారు. అడ్డదారి వల్ల సమయం కలిసిరాకపోతే ఎవరూ దానిలోకి రారు. ఈ చిన్న విషయం గేటుకు తాళం కొనేముందు మాకు తట్టలేదు.

కొందరు లారీలు దూరకుండా రోడ్డు మీద ఎత్తు కమ్మీ పెట్టిస్తారు. వద్దని నా మనవి. లారీని ఆపే కమ్మీ అగ్నిమాపక శకటాన్ని కూడా ఆపుతుంది.

మీరు ఆ కాలనీవారితో మాట్లాడేటప్పుడు గోడ సంగతి రెండో మాటగా ఎత్తండి. మొదటి మాట ఆ పిల్లవాడి కాలు గురించి ఉండాలి.

ప్రశ్న వేసినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. నా దస్తావేజు తీసి చూశాను. నా ప్లాటుకు ఉత్తరం హద్దు "30 అడుగుల వెడల్పు రోడ్డు" అని స్పష్టంగా ఉంది. గోడకు ఆనుకుని మా వైపున్న ఇంటివారి దస్తావేజులో కూడా అలాగే ఉంది. 1991లో కొన్న మా వీధి మాస్టారు ఒకరు లేఅవుట్ పటం పాత నకలు ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకున్నారు. మడతల దగ్గర చిరిగిపోయింది, నీలి గీతలు వెలిసిపోయాయి. అయినా మా వీధిని చూపించే రెండు గీతలు పటం తూర్పు అంచు దగ్గర మూసుకుపోకుండా తెరిచి ఉండడం, అక్కడ బాణం గుర్తు వేసి ఉండడం కనిపిస్తోంది. ఆ బాణం చూడగానే మాస్టారి కళ్లు చెమర్చాయి. ఎల్‌ఆర్‌ఎస్ చేయించుకున్నవారు మా వీధిలో ఏడుగురు ఉన్నారు, వారి కాగితాలు సేకరిస్తున్నాము.

మా కాలనీ కుర్రవాళ్లు కొందరు "ఒక్క రాత్రిలో పడగొట్టేద్దాం" అంటున్నారు. వారిని ఎలా నిలువరించాలో తెలియడం లేదు.

సమాధానం: పోరంకి నివాసి

ఆ కుర్రవాళ్లకు మా ఊరి సంగతి చెప్పండి. విజయవాడ శివారులో మా దగ్గర పాత డొంక దారికి ఒకరు అడ్డంగా ప్రహరీ కడితే, నలుగురు యువకులు రాత్రికి రాత్రి దాన్ని కూల్చారు. డొంక పోరంబోకు అని రెవెన్యూ రికార్డులో స్పష్టంగా ఉంది, అంటే న్యాయం మా వైపే ఉంది. అయినా ఆస్తి ధ్వంసం కింద కేసు ఆ నలుగురి మీదే పడింది. అందులో ఒక అబ్బాయికి పై చదువుకు విదేశం వెళ్లవలసిన సమయంలో పాస్‌పోర్టు విచారణ దగ్గర ఆ కేసు అడ్డు వచ్చింది. ఆక్రమించినవాడు మాత్రం బాధితుడిలా కార్యాలయాల చుట్టూ తిరిగాడు. దారిని చివరికి తెరిపించినది సోమవారం కలెక్టరేటులో ఇచ్చిన అర్జీ, దాని మీద వచ్చిన సర్వే, సర్వేలో పాతిన రాళ్లు. ఆ పని మొదటి వారంలోనే చేసి ఉంటే కేసే ఉండేది కాదు.

సమాధానం: హనుమకొండ నుంచి ఒక న్యాయవాది

సర్వేయరు గారు కాగితాల గురించి చెప్పినదానికి నేను కలపవలసినది పెద్దగా లేదు. ఆ కాగితాలు చేతికి వచ్చాక ఏ గుమ్మం తొక్కాలో చెబుతాను. నేను మీ దస్తావేజులు చూడలేదు గనుక దీన్ని సాధారణ సమాచారంగా తీసుకుని, మీ ఊళ్లోని న్యాయవాదికి కాగితాలు చూపించిన తరువాతే అడుగు వేయండి.

మొదటి గుమ్మం స్థానిక సంస్థ కమిషనర్ కార్యాలయం. రోడ్డు మీది ఆక్రమణను తొలగించడం ఆ సంస్థ విధి. అర్జీని చేతికి ఇచ్చి రావద్దు. రసీదు తీసుకోండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అవుటర్ రింగ్ రోడ్డు లోపల ఉన్నారు గనుక చెరువులు, ప్రభుత్వ స్థలాల రక్షణకు 2024 జూలైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రాకు కూడా అర్జీ ఇవ్వవచ్చు. అక్కడ సోమవారాల్లో ప్రజావాణి జరుగుతుంది. లేఅవుట్ల మధ్య రోడ్లకు అడ్డంగా ఉన్న గోడలను ఆ సంస్థ తొలగించిన వార్తలు మీరూ చదివే ఉంటారు. అయితే ఆ అర్జీకి లేఅవుట్ పటం, దస్తావేజుల హద్దుల పేజీలు, ఫోటోలు జతపరచకపోతే అది మరొక కాగితంగా మిగిలిపోతుంది.

రెండవ గుమ్మం గురించి చాలామందికి తెలియదు. ప్రజలు నడిచే దారికి అక్రమంగా అడ్డు కల్పిస్తే దాన్ని తొలగించమని జిల్లా మేజిస్ట్రేటు లేదా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 133వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇది 152వ సెక్షన్. నోటీసు అందుకున్నవారు "అది ప్రజల దారే కాదు" అని వాదిస్తే, మేజిస్ట్రేటు ముందుగా ఆ వాదనకు నమ్మదగిన ఆధారం ఉన్నదా అని విచారిస్తారు. ఆధారం ఉన్నట్టు తేలితే, సివిల్ కోర్టు తేల్చేదాకా ఆ విచారణ ఆగిపోతుంది. ఆధారం లేకపోతే ముందుకు సాగుతుంది. అందుకే దస్తావేజుల హద్దుల పేజీ అంత ముఖ్యమని సర్వేయరు గారు చెప్పినది. ఈ సెక్షన్ మీద 1980లో సుప్రీంకోర్టు ఇచ్చిన రత్లాం మునిసిపాలిటీ తీర్పును నేను యువ న్యాయవాదులకు ఎప్పుడూ గుర్తు చేస్తుంటాను. మధ్యప్రదేశ్‌లోని ఆ పట్టణంలో ఒక వాడ నివాసులు తెరిచి ఉన్న మురుగు కాలువల బాధ భరించలేక మేజిస్ట్రేటును ఆశ్రయించారు. డబ్బు లేదన్న సాకుతో మునిసిపాలిటీ తన విధి నుంచి తప్పించుకోజాలదని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పులో తేల్చారు. "మా దగ్గర సిబ్బంది లేరు, నిధులు లేవు" అని మీకు ఎవరైనా చెప్పినప్పుడు ఈ తీర్పు గుర్తుంచుకోండి.

మూడవది సివిల్ దావా. ఇక్కడ ఒక గడువు ఉన్నది, దయచేసి దీన్ని తేలికగా తీసుకోవద్దు. లేఅవుట్ పటం మీకు అక్కరకు రాలేదనే అనుకుందాము. అప్పుడు కూడా, ఒక దారిని 20 సంవత్సరాలు అడ్డంకి లేకుండా, బహిరంగంగా, హక్కుగా వాడుకున్నవారికి అనుభవం వల్ల సంక్రమించే దారి హక్కు ఉంటుంది. మీరు 22 సంవత్సరాలుగా ఉన్నామన్నారు. అయితే ఆ 20 సంవత్సరాల కాలం, దావా వేసే తేదీకి వెనుక రెండేళ్ల లోపు ముగిసినదై ఉండాలి. గోడ సంక్రాంతికి లేచింది. మాటలు, మధ్యవర్తిత్వాలు, "పండగ తరువాత చూద్దాం" అనే వాయిదాలతో రెండేళ్లు దాటిపోతే ఆ వాదన మీ చేతి నుంచి జారిపోతుంది. కనుక మాట్లాడుతూనే తేదీ లెక్కపెట్టుకోండి. 22 సంవత్సరాల వాడకానికి రుజువుగా పాత కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు, ఆ వీధిలో తీసిన పెళ్లి ఊరేగింపుల ఫోటోలు, ఉపగ్రహ చిత్రాల పాత సంవత్సరాల ప్రతులు భద్రపరచండి. నేను వాదించిన ఒక కేసులో గణపతి నిమజ్జనం ఊరేగింపు ఫోటో ఒకటి మిగిలిన అన్ని కాగితాలకంటే బలంగా నిలిచింది. అందులో దారి ఉంది, జనం ఉన్నారు, ఫోటో మూలన తేదీ ఉంది.

శత్రుత్వం వద్దన్నారు గనుక ఇంకొక మాట. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కోర్టుకు వెళ్లకముందే లోక్ అదాలత్ ద్వారా రాజీకి దరఖాస్తు చేసుకోవచ్చు. కోర్టు రుసుము ఉండదు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. రేపు సంఘంలో కొత్త కార్యవర్గం వచ్చి మాట మార్చినా, ఆ కాగితం మారదు. ఇరుగుపొరుగు తగాదాలకు నా దృష్టిలో ఇంతకు మించిన చోటు లేదు.

ప్రశ్న వేసినవారి స్పందన, జూన్ నెలలో

ఆలస్యానికి క్షమించాలి. ఏదైనా జరిగాకే రాద్దామని ఆగాను.

ఫిబ్రవరిలో మేము ఐదుగురం పక్క కాలనీ సంఘం అధ్యక్షుల వారి ఇంటికి వెళ్లాము. మాతో పాటు ఎదురింటి పెద్దాయన భార్యను కూడా తీసుకువెళ్లాము. మొదట ఆ పిల్లవాడి తల్లిదండ్రులతో మాట్లాడాము. కట్టు విప్పారు, నడుస్తున్నాడు. తరువాత పెద్దాయన భార్య ఆ రాత్రి సంగతి చెప్పారు. గొంతు పెంచలేదు, ఎవరినీ నిందించలేదు. గోడ మీదుగా దీపం వెలుగు కనిపించిందనీ, మనిషి మాత్రం రాలేదనీ అన్నారు. ఆ ఇంటి ఇల్లాలు లేచి లోపలికి వెళ్లి ఆమెకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, పక్కనే నేల మీద కూర్చున్నారు. ఆ పూట ఒప్పందమేమీ కుదరలేదు. అయినా మేము బయటికి వచ్చేటప్పుడు అధ్యక్షుల వారు వీధి చివరి దాకా మాతో నడిచి వచ్చారు.

సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజులు దాటినా జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేశాము. ఆ తరువాత ఫైలు చూడనిచ్చారు. పక్క కాలనీ లేఅవుట్ ఆమోదం పొందినదేననీ, మా వీధికి కలిసే రోడ్డు గిఫ్ట్ డీడ్‌లో ఉన్నదనీ అందులో తేలింది. ఆ నకలును ఎవరికీ నోటీసుగా పంపలేదు. రెండు ప్రతులు తీయించి, ఒకటి అధ్యక్షుల వారికి చేతికి ఇచ్చాము. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, "మాకు ఈ కాగితం ఎవరూ చూపించలేదు" అన్నారు. నాకు ఆ మాట నిజమేననిపించింది.

మే నెలాఖరున పడిన గాలివానతో మరొక సంగతి బయటపడింది. వాలు వారి వైపు నుంచి మా వైపుకు ఉంది. ఇన్నేళ్లూ వాన నీరు రోడ్డు మీదుగా మా వీధిలోకి, అక్కడి నుంచి కాలువలోకి పోయేది. గోడ అడ్డం రావడంతో వారి చివరి నాలుగు ఇళ్ల ముందు మోకాలి లోతున నిలిచిపోయింది, ఒక ఇంటి సంపులో మురికి నీరు కలిసింది. ఆ రాత్రి రెండు వైపుల మగవాళ్లూ లైట్లు పట్టుకుని వచ్చి గోడ అడుగున నాలుగు ఇటుకలు తీసి నీటికి దారి ఇచ్చారు. ఇటుకలు తీసినవారిలో మా కుర్రవాళ్లూ ఉన్నారు. అటు నుంచి అధ్యక్షుల వారే టార్చి చూపించారు.

ఆ మరుసటి ఆదివారం గోడలో ఆరడుగుల వెడల్పున దారి తీశారు. ప్రస్తుతం మనుషులు, ద్విచక్ర వాహనాలు వెళుతున్నాయి. కూరగాయల బండి ఆవిడ మొదటి రోజే అటు నుంచి ఇటు వచ్చింది. మిగతా గోడ తీయడానికి వారు మూడు హంపులు ముందుగా పడాలన్న షరతు పెట్టారు, మేము ఒప్పుకున్నాము. 3.7 మీటర్లు, 10 సెంటీమీటర్లు అన్న కొలతలు రాసి రెండు సంఘాల సంతకాలతో విజ్ఞప్తి ఇచ్చాము, రసీదు తీసుకున్నాము. వారి వీధి మొదట్లో లారీల నిషేధ బోర్డుకు అయ్యే ఖర్చులో సగం మేము పెట్టుకుంటున్నాము. న్యాయవాది గారు చెప్పిన రెండేళ్ల లెక్క మరువలేదు. లోక్ అదాలత్ దరఖాస్తు కూడా రాసి సిద్ధంగా పెట్టాము. అందులో దరఖాస్తుదారుల పేర్ల కింద ఇప్పుడు రెండు కాలనీల వారూ సంతకం చేస్తామంటున్నారు. వచ్చే గురువారం సర్వేయరు వస్తున్నారు. నక్షలో జంట చుక్కల గీత మా సర్వే నంబరు మీదుగా పోతున్నట్టే కనిపిస్తోంది గానీ, టేపు పట్టి కొలిచాకే చెబుతానన్నారు.